సైబరు చోరులు - వేసవి విద్యాలయములు

వేసవి వచ్చినతోడనే మన విశ్వవిద్యాలయముల తలుపులు మూతపడును. తరగతి గదులలో బల్లలమీద దుమ్ము పేరుకొనును. ఆచార్యులు స్వగ్రామములకును, విద్యార్థులు చలివేంద్రముల నీడలకును చేరుదురు. దొంగకు మాత్రము వేసవి సెలవులు లేవు. అతడు మండుటెండలోను, నడిరేయిలోను, పండుగనాడును పనిచేయుచునే యుండును. మన యింటికి రాకయే, మన గోడకు కన్నము వేయకయే, జీవితమంతయు కష్టించి కూడబెట్టిన సొమ్మును పది నిమిషములలో దేశపు సరిహద్దులు దాటించుచున్నాడు.

పరదేశములలో కొన్ని విశ్వవిద్యాలయములు ఈ సెలవుదినములను వ్యర్థము చేయక, సైబరు నేరములను గూర్చియు, ఆన్‌లైను వ్యవహారములలో ప్రజల క్షేమమును గూర్చియు వేసవి విద్యాలయములు నడపుచున్నవి. అందలి విశేషమేమనగా, కంప్యూటరు శాస్త్రము చదివినవాడును, న్యాయశాస్త్రము చదివినవాడును, మనశ్శాస్త్రము చదివినవాడును, అర్థశాస్త్రము చదివినవాడును ఒకే బల్లకడ కూర్చుండి ఒకే నేరమును నాలుగు వైపులనుండి పరిశీలింతురు. ఇట్టి పద్ధతి మన దేశమున, ముఖ్యముగా మన తెలుగునాట, వేళ్లూనవలెనని మేము కోరుచున్నాము. ఎందులకు కోరుచున్నామో, ఏ విధముగ కోరుచున్నామో పాఠకుల యెదుట నివేదింతుము.

సైబరు నేరము యంత్రమునకు సంబంధించిన విషయమనియు, దానిని యంత్రజ్ఞులకు వదలి మనము నిశ్చింతగా నుండవచ్చుననియు చదువుకొన్నవారిలో ననేకులు తలంచుచున్నారు. ఈ తలంపు ఎంత పొరపాటో తెలియుటకు బంగ్లాదేశపు కేంద్రబ్యాంకు కథ యొక్కటి చాలును. 2016 ఫిబ్రవరి 4వ తేదీ రాత్రి ఢాకాలోని ఆ బ్యాంకు కంప్యూటరులలో ముందుగనే చొరబడియున్న దొంగలు, న్యూయార్కులోని ఫెడరలు రిజర్వు బ్యాంకునకు 35 ఆజ్ఞలు పంపిరి. బ్యాంకులు ఒకదానితో నొకటి మాటలాడుకొను స్విఫ్టు మార్గముననే అవి వెళ్లినవి. మొత్తము సుమారు 95 కోట్ల డాలర్లు. అవి చూపునకు నిజమైన బ్యాంకు ఆజ్ఞలవలెనే యున్నవి. వచ్చిన సందేశములను కాగితముపై ముద్రించు ప్రింటరును దొంగలు ముందుగనే పడగొట్టియుంచిరి. సిబ్బంది దానిని సాధారణమైన చెడిపోవుట యనుకొనిరి.

దొంగలు యంత్రమును మాత్రమే చదువలేదు, పంచాంగమును గూడ చదివిరి. బంగ్లాదేశమున శుక్ర శని వారములు సెలవులు. ఢాకా మేల్కొని విచారించు ఆదివారమున న్యూయార్కు నిద్రించుచుండును. సోమవారమున చీనావారి సంవత్సరాది గావున మనీలాలో బ్యాంకులు మూతపడియుండును. మనీలాలోని ఒక బ్యాంకుశాఖలో దొంగపేరులతో ఖాతాలు 2015 మే మాసముననే తెరువబడియుండెను. అచ్చటికి 8 కోట్ల 10 లక్షల డాలర్లు చేరినవి. పిదప ఆ సొమ్ములో నధికభాగము జూదగృహములలో ప్రవేశించి మాయమైనది. జూదగృహములే యేల? ఆ కాలమున ఫిలిప్పైన్సు దేశపు అక్రమధన నిరోధక చట్టము జూదగృహములకు వర్తింపకుండెను. ఈ చోరీ పిమ్మటనే, 2017లో, ఆ చట్టమును సవరించిరి. దొంగలు న్యాయశాస్త్రమును గూడ చదివిరనుట స్పష్టము.

మిగిలిన సొమ్ములో కొంత ఎట్లు దక్కినది? శ్రీలంకకు పంపిన 2 కోట్ల డాలర్ల ఆజ్ఞలో ఫౌండేషన్ అను మాటను ఫాండేషన్ అని తప్పుగా వ్రాసిరి. ఆ వర్ణదోషము బ్యాంకువారి కంటబడినది. ప్రశ్న వేసిరి, సొమ్ము నిలిచినది. కోట్ల వెలగల యంత్రములు పట్టజాలని దొంగను అక్షరదోషమును గుర్తించిన ఒక మనుష్యుని కన్ను పట్టినది. పాఠకులు ఈ సంగతిని మరవకుందురుగాక.

ఇపుడు చెప్పుడు: ఇది ఏ శాస్త్రమునకు చెందిన నేరము? కంప్యూటరు విద్యకు చెందినదా, బ్యాంకింగునకు చెందినదా, న్యాయమునకు చెందినదా, మనుష్య స్వభావమునకు చెందినదా? దొంగకు ఈ భేదములు లేవు. అతడు అన్ని శాస్త్రములను కలిపి ఒక్క ఆయుధముగా చేసికొనినాడు. మనము మాత్రము శాస్త్రమునకొక భవనము కట్టి, భవనమునకొక గోడ కట్టి, ఒకరి మాట యొకరు వినకుండ కూర్చుండియున్నాము. దొంగ యందు ఐక్యమును, కాపరి యందు విభాగమును ఉన్నచో పంట ఎవరిది?

చట్టము నేరమువెనుక కుంటుచు వచ్చుననుట న్యాయవాదులమైన మాకు క్రొత్త సంగతి గాదు. 2000 మే మాసమున ప్రేమలేఖ వేషమున ఒక విషపు ప్రోగ్రాము ఫిలిప్పైన్సునుండి బయలుదేరి లోకమంతట లక్షలకొలది కంప్యూటరులను పాడుచేసినది. అనుమానితుడు దొరకెను. కాని ఆ దేశమున అట్టి పనిని నేరముగ నెంచు చట్టము ఆనాటికి లేదు. అభియోగములు వదలుకొనవలసి వచ్చెను. జూన్ మాసమున చట్టము చేసిరి గాని, జరిగిపోయిన పనికి క్రొత్త చట్టము వర్తింపదు గదా! అదే సంవత్సరమున మన దేశమును సమాచార సాంకేతిక చట్టమును చేసికొని అక్టోబరు 17 నుండి అమలు జరిపినది. 2008లో దానిని సవరించి, ఇతరుల గుర్తింపును దొంగిలించుటయు, కంప్యూటరు సాయమున మారువేషముతో మోసగించుటయు మూడేండ్లవరకు ఖైదునకు తగిన నేరములని 66-సి, 66-డి సెక్షనులలో చేర్చిరి. చట్టము లేదని మనము చెప్పజాలము. చట్టమును, యంత్రమును, మనుష్యుని ఒక్కచోట చూడగల కన్నులు చాలవని చెప్పుచున్నాము.

అర్థశాస్త్రమునకు ఇచ్చట నేమి పనియని కొందరడుగవచ్చును. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆచార్యుడై యుండి 2024లో కీర్తిశేషుడైన రాస్ ఆండర్సను 2001లో ప్రకటించిన వ్యాసమున దీనికి మంచి యుత్తరమున్నది. సొమ్ము తీయు యంత్రములు వచ్చిన క్రొత్తలో, ‘ఈ సొమ్ము నేను తీయలేదు’ అని ఖాతాదారుడు చెప్పినచో, అమెరికాలో అతని మాట తప్పని రుజువు చేయు భారము బ్యాంకుపై నుండెను. ఇంగ్లండులో ఆ భారము ఖాతాదారునిపై బడెను. ఫలితమేమి? ఖాతాదారుల మొరను ఆలకించువారు లేనందున ఇంగ్లండు బ్యాంకుల సిబ్బంది అజాగ్రత్తపరులైరి, మోసములు ప్రబలెను. యంత్రము రెండు దేశములలో నొక్కటే. భేదము నష్టభారము ఎవరి నెత్తిన బడునను దానిలో నున్నది. ఎవడు నష్టపడునో వాడు తలుపు వేయును. నష్టపడనివాడు తలుపు తెరచి నిద్రించును. ఈ సత్యమును కంప్యూటరు గ్రంథము చెప్పదు, న్యాయగ్రంథము చెప్పదు. రెంటిని కలిపి చదివినవానికే కనబడినది. అదే విశ్వవిద్యాలయమున 2015లో ఏర్పడిన సైబరు నేర పరిశోధన కేంద్రమున కంప్యూటరు శాఖవారు, నేరశాస్త్రజ్ఞులు, న్యాయశాస్త్రజ్ఞులు కలిసి పనిచేయుటకు కారణమిదియే.

ఇక మన యింటి సంగతి చూతము. ‘డిజిటలు అరెస్టు’ అను పేర నడచుచున్న ఘోరమును పాఠకులెరుగుదురు. పోలీసు దుస్తులు ధరించినవాడొకడు ఫోనులోని వీడియోలో కనబడును. మీ పేర వచ్చిన పార్సిలులో మాదకద్రవ్యములు దొరకినవనును. మీ ఖాతాలో అక్రమధనము ప్రవేశించినదనును. ఇంటివారికి చెప్పరాదనును, ఫోను కట్టివేయరాదనును. ఆ భయములో గంటలు గడచును, దినములు గడచును. పింఛను సొమ్ము, కుమార్తె వివాహమునకై దాచిన సొమ్ము, పొలమమ్మిన సొమ్ము ‘పరిశీలన’ నిమిత్తమని పంపబడును. మరల రాదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియో ప్రసంగమున దేశప్రజలను ఈ విషయమై హెచ్చరించిరి. 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టువారు ఈ మోసముల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించిరి.

ఈ నేరమున కంప్యూటరు పాండిత్య మెంత? స్వల్పము. దొంగ పగులగొట్టినది యంత్రపు తాళమును గాదు, మనుష్యుని ధైర్యమును. అతని యాయుధము మన భయము. ఖాకీని చూచిన వణకుట, ఆంగ్లమున గద్దించినవానికి లొంగుట, పరువు పోవునని ఇరుగుపొరుగునకు చెప్పక దాచుట, ఇవి ఆ దొంగకు మనమే అందించిన కత్తులు. ఫోనులో అరెస్టు చేయు అధికారమును మన దేశమున ఏ చట్టమును ఏ యధికారికిని ఇయ్యలేదు. అరెస్టయినవానికి కారణము తెలుపవలెనని, తన న్యాయవాదిని సంప్రదించు హక్కు అతనికి గలదని, 24 గంటలలో మేజిస్ట్రేటు నెదుట అతనిని నిలుపవలెనని రాజ్యాంగపు 22వ అధికరణము శాసించుచున్నది. ఈ మూడు మాటలు తెలిసిన గృహస్థును ఏ వీడియో దొంగ బెదరింపగలడు? చట్టజ్ఞానము న్యాయవాదుల పెట్టెలలో దాచవలసిన వస్తువు గాదు. అది ప్రతి యింటికిని గడియ.

ఇచ్చటనే మరియొక చిక్కు గలదు. 2017 జులై 6వ తేదీన రిజర్వు బ్యాంకువారు వెలువరించిన ఉత్తరువున, బ్యాంకు తప్పుగాని ఖాతాదారుని తప్పుగాని లేనిచోట, మూడు పనిదినములలో తెలియజేసిన ఖాతాదారునిపై నష్టము పడరాదనిరి. రుజువు భారము బ్యాంకుదే యనిరి. ఇది మేలైన పని. కాని ఖాతాదారుని నిర్లక్ష్యమువలన కలిగిన నష్టమును, బ్యాంకునకు తెలుపువరకు, అతడే భరింపవలెననియు అందే యున్నది. మరి భయమునకు లోబడి తన చేతితో తానే సొమ్ము పంపిన వృద్ధుడు నిర్లక్ష్యము చేసెనా? మూడు దినములు నిద్రలేక, బెదరింపులు వినుచు కూర్చున్న మనస్సునకు స్వేచ్ఛ యున్నదా? ఈ ప్రశ్నకు కంప్యూటరు ఉత్తరము చెప్పదు. మనశ్శాస్త్రజ్ఞుడు, న్యాయవాది, బ్యాంకు అధికారి కలిసి కూర్చుండి చెప్పవలెను. వేలకొలది కుటుంబముల గతి ఆ యుత్తరముపై నాధారపడియున్నది. వేసవి విద్యాలయము విద్వాంసుల వినోదము గాదని మేమనుటకు ఇదియే కారణము.

న్యాయస్థానములలో జరుగునది చూడుడు. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము, కంప్యూటరునుండి తీసిన సాక్ష్యమునకు ధృవపత్రము జతపరుపవలెను. అందొక భాగము సాక్ష్యమును దాఖలు చేయువాడును, రెండవ భాగము నిపుణుడును నింపవలెను. ‘హ్యాష్’ అను సంఖ్యనుగూడ వ్రాయవలెను. అది దస్త్రమునకు వేలిముద్రవంటిది. దస్త్రములో నొక్క యక్షరము మారినను ముద్ర మారిపోవును. ఎంత చక్కని యేర్పాటు! కాని ఆ సంఖ్య యేమో న్యాయవాదికి తెలియక, ఆ ధృవపత్ర మెందులకో నిపుణునికి తెలియక, ఫోనును స్వాధీనపరచుకొన్న హెడ్డు కానిస్టేబిలుకు రెండును తెలియక పోయినచో, దొంగ న్యాయస్థానపు ముందు ద్వారముననే వెలుపలికి నడచిపోవును. నేరము జరిగిన దినమున చేయవలసిన పని విచారణదినమున చేయ వీలుపడదు.

రక్షణ పేర స్వేచ్ఛను కోలుపోరాదను పాఠమును గూడ ఈ విద్యాలయములు నేర్పవలెను. సమాచార సాంకేతిక చట్టమున 66-ఎ అను సెక్షనుండెడిది. 2012లో మహారాష్ట్రమున పాల్ఘరులో, ఒక నాయకుని మరణమునకు నగరము స్తంభించుటను గూర్చి ఫేస్‌బుక్కులో వ్రాసినందులకు ఒక యువతియు, ఆ వ్రాతను మెచ్చినందులకు మరియొక యువతియు అరెస్టయిరి. శ్రేయా సింఘాల్ అను యువతి తెచ్చిన వ్యాజ్యమున 2015 మార్చి 24న సుప్రీంకోర్టువారు ఆ సెక్షనును కొట్టివేసిరి. అయినను, చచ్చిన ఆ సెక్షను క్రింద ఠాణాలలో ఇంకను కేసులు నమోదగుచుండుట తెలిసి, 2021లో ఆ న్యాయస్థానమే విస్మయము ప్రకటింపవలసి వచ్చినది. చదువురాని అధికారము దొంగను పట్టదు, మాటలాడువానిని పట్టును. కావున పోలీసువారికి యంత్రవిద్య నేర్పినంత శ్రద్ధతో రాజ్యాంగమును నేర్పవలెను.

మరియొక దుఃఖకరమైన సంగతి. మనలను మోసగించు గొంతుక కొన్ని వేళల మన బిడ్డదే యగుచున్నది. కంప్యూటరు ఉద్యోగమని నమ్మి కంబోడియావంటి దేశములకు వెళ్లిన తెలుగు యువకులు, అచ్చట గృహములలో బంధింపబడి, పాసుపోర్టులు లాగుకొనబడి, స్వదేశస్థులనే మోసగింప నియమింపబడిరి. 2024 మే మాసమున విశాఖపట్టణ పోలీసువారు ఇట్టి దళారులను అరెస్టు చేయగా ఈ సంగతి బయల్పడినది. బెదరించువాడు కూడ బెదరింపబడినవాడే యైనచోట, ఎవడు దొంగ, ఎవడు బానిస? నిరుద్యోగమును, వలసలను, దళారుల వర్తనమును పరిశీలించు సామాజిక శాస్త్రజ్ఞుడు లేక ఈ నేరపు వేరు దొరకదు.

ఆక్షేపణలు లేకపోలేదు. నేరముల మర్మములను నేర్పిన దొంగలే తయారగుదురని కొందరందురు. దొంగ విద్యాలయపు దరఖాస్తుకై వేచియుండడు; అతనికి తన గురువులు గలరు. నేర్వనివాడు గృహస్థు మాత్రమే. రెండు వారములలో నేమి వచ్చునని మరికొందరందురు. రెండు వారములలో పాండిత్యము రాదు, నిజమే. కాని న్యాయవాదికి తాను యంత్రజ్ఞుని నేమడుగవలెనో తెలియును. యంత్రజ్ఞునికి న్యాయస్థానమునకేమి కావలెనో తెలియును. ఇన్‌స్పెక్టరునకు బ్యాంకులో నెవరికి ఫోను చేయవలెనో తెలియును. పోయిన సొమ్మును పట్టుటలో మొదటి గంట విలువ యేపాటిదో, 1930 అను సహాయ సంఖ్యకు వెంటనే ఫోను చేసినవారెరుగుదురు. అట్టి గంటలో పరిచయము పాండిత్యముకంటె నెక్కువ పనిచేయును.

సాధనములు మనకు లేవా? హైదరాబాదు నగరమొక్కటే చూడుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున్నది; నల్సారు న్యాయ విశ్వవిద్యాలయమున్నది; అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ యున్నది. దేశమునకంతటికి పోలీసు అధికారులను తీర్చు జాతీయ పోలీసు అకాడమీ అచ్చటనే యున్నది. రిజర్వు బ్యాంకువారు 1996లో స్థాపించిన బ్యాంకింగు సాంకేతిక పరిశోధన సంస్థ యున్నది. తెలంగాణ ప్రభుత్వము 2023లో నెలకొల్పిన సైబరు భద్రతా కార్యాలయమున్నది. విశాఖలో 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయమున్నది. వీరినందరిని వేసవిలో పదునైదు దినములు ఒక కప్పు క్రింద కూర్చుండబెట్టుట అసాధ్యమా?

వేసవి పాఠశాల తెలుగువారికి క్రొత్తయు గాదు. నిడుబ్రోలులో ఎన్.జి. రంగాగారు రైతులకై విద్యాలయము నడపిరి. 1937లో ఒంగోలు దాపున కొత్తపట్టణపు వేసవి రాజకీయ పాఠశాలను నాటి ప్రభుత్వము నిషేధించినది. పాఠశాలను చూచి ప్రభుత్వములు భయపడిన దేశమిది. ఆ విద్యాలయముల బలము వారి భవనములలో లేదు; తెలిసినది తెలిసిన భాషలో, తెలియనివారికి చెప్పుటలో నుండెను.

కావున మా సూచనలు మూడు. మొదటిది: ఈ విద్యాలయములలో స్థానములు పట్టపరీక్షల విద్యార్థులకు మాత్రమే గాక, సబిన్‌స్పెక్టరులకు, బ్యాంకు గుమాస్తాలకు, జిల్లాకోర్టుల యువ న్యాయవాదులకు, ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు సగపాలు కేటాయింపవలెను. రెండవది: పాఠములు తెలుగున జరుగవలెను. ఆంగ్లమున నేర్చినది ఆంగ్లము వచ్చినవారికే చేరును. మోసపోవుచున్న తల్లికి చేరదు. పారిభాషిక పదములు క్రొత్తగ కల్పింపనక్కరలేదు; ఫోను, ఖాతా, పాస్‌వర్డు, ఓ.టి.పి. అను మాటలు ఇప్పటికే మన యిండ్లలో తిరుగుచున్నవి. మూడవది: విద్యాలయము ముగించిన ప్రతివాడును తన యూరి గ్రంథాలయమున, పఠనమందిరమున, పింఛనుదారుల సంఘమున మూడు ఉపన్యాసములైన నియ్యవలెను. అట్లిచ్చిన పిమ్మటనే యోగ్యతాపత్రము చేతికియ్యవలెను.

పఠనమందిరములలో ఈ పంక్తులు చదువువారికి మా విన్నపము వేరుగ నున్నది. విశ్వవిద్యాలయములు మేల్కొనువరకు వేచియుండవలదు. ఈ వారమే మీ యూరి న్యాయవాదిని, బ్యాంకు అధికారిని, పోలీసు ఇన్‌స్పెక్టరును, కంప్యూటరు తెలిసిన యువకుని ఒక సాయంకాలము పిలువుడు. నాలుగు కుర్చీలు వేయుడు. వృద్ధులను, స్త్రీలను ముందు వరుసను కూర్చుండబెట్టుడు. మోసపోయినవాడు సిగ్గుపడక తన కథ చెప్పుకొనునట్లు, వినువారు నవ్వకుండునట్లు చూడుడు. మోసగించినవాడు తలదించుకొనవలెను గాని మోసపోయినవాడు గాదు. దాగిన ప్రతి మోసము మరియొక యింటికి దారి చూపును; వెలికి వచ్చిన ప్రతి మోసము నూరిండ్లకు గడియ వేయును.